అతుకుల బొంత తరఫున ఒక వకాల్తా



సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడిన మర్నాడు పత్రికలవారు దాన్ని "అతుకుల బొంత" అంటారు. నచ్చని కవితాసంపుటిని సమీక్షకుడు అతుకుల బొంత అంటాడు. మన బ్లాగ్మిత్రులలో ఒకరు ఈమధ్య ఒక అనువాద గ్రంథాన్ని తెగనాడుతూ అదే మాట వాడారు. వారి తీర్పుతో నాకు పేచీ లేదు, ఆ అనువాదం నిజంగానే దుర్భరం. నా పేచీ అంతా ఉపమానంతోనే.

బొంత అంటే ఏమిటో తెలిసినవాడెవడూ ఆ పోలిక తేడు. పాత గుడ్డను ఒంటిపొరగా కప్పుకుంటే నాలుగు రాత్రులలో చిరుగుతుంది. అటువంటి నాలుగు గుడ్డలను ఒకదానిమీద ఒకటి పరచి, వేలెడు ఎడంగా ఈ కొసనుంచి ఆ కొసకు టాకాలు నడిపితే, ఆ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ లేని బలం వస్తుంది. పైపొర చిరిగినచోట కింది పొర ఆసరా ఇస్తుంది. లాగినప్పుడు ఆ లాగుడును కుట్టు చుట్టూ పంచుతుంది. పొరల నడుమ చిక్కుకున్న గాలి చలిని ఆపుతుంది. నిజంగా ఏ ప్రభుత్వమైనా అతుకుల బొంతలాగా ఉంటే అయిదేళ్ళ గడువు దానికి ఒక లెక్కలోది కాదు. మా ఇంట్లో పదేళ్ళకు తక్కువ నడిచిన బొంత నాకు జ్ఞాపకం లేదు.

ఇందులో భాషాసంబంధమైన ఒక చిత్రం కూడా ఉంది. సంస్కృతంలో దీనిపేరు కంథ. కంథ అనగానే మన పండితుల కన్నులు అరమోడ్పులవుతాయి, యోగి స్ఫురిస్తాడు. భజగోవింద స్తోత్రంలో వీధిలో ఏరుకున్న పేలికలతో కుట్టిన కంథను ధరించిన యోగి కనిపిస్తాడు గదా! నేనూ తరగతిలో సందర్భం వచ్చినప్పుడల్లా "కంథ వైరాగ్యానికి చిహ్నం" అని ముప్పయ్యేళ్ళు బోధించినవాడినే. అదే వస్తువు తెలుగింట్లో బొంత అయ్యేసరికి లేమికి చిహ్నమైంది, "గంతకు తగ్గ బొంత" అన్న వెక్కిరింత అయింది. (గంత అంటే బరువులు మోసే పశువు వీపున వేసే మెత్త.) పురుషుడు ఇల్లు విడిచి ధరిస్తే వైరాగ్యం. స్త్రీ వసారాలో కూర్చుని, ఇంటిల్లిపాదీ చలికి వణకకుండా కుడితే దరిద్రం. ఈ తేడా వస్తువులో లేదు, మన చూపులో ఉంది. ఆ చూపు నాకూ ఉండేదని ముందే ఒప్పుకుంటున్నాను.

1976లో ప్రాచ్యకళాశాలలో చేరడానికి వెళ్ళినప్పుడు అమ్మ నా పెట్టెతోపాటు ఒక బొంత చుట్టి ఇచ్చింది. పైన నాన్నగారి పంచె, కింద అమ్మ నీలిరంగు నేతచీర, నడుమ ఏవేవో. వసతిగృహంలో నా గదిలోని ఇద్దరికీ అంగడిలో కొన్న రగ్గులున్నాయి. నేను ఆ బొంతను మంచం కింద పెట్టెవెనుక దాచి, మొదటి చలికాలమంతా ఒంటి దుప్పటితో గడిపి, సంక్రాంతికి దాన్ని మడత విప్పకుండానే ఇంటికి తెచ్చాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. మరుసటి ఏడు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మా ఊరికి గాలివాన తగిలింది గాని నీరు రాలేదు. ఊళ్ళో కుర్రవాళ్ళు బండి కట్టుకుని పాత బట్టలు పోగుచేయడానికి వస్తే, అమ్మ పాత బట్టలు ఇవ్వలేదు. ఇంట్లో ఉన్న మూడు బొంతలూ ఇచ్చింది, అందులో నాదీ ఒకటి. "వాడికి అక్కర్లేదులే, కప్పుకునేవాళ్ళకి వెళ్ళనీ" అందట. ఈ మాట అక్క చాలా ఏళ్ళ తరువాత చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

అసలు సంగతికి వస్తాను. అమ్మ 2003లో పోయింది. ఆమె సందుగపెట్టె నా వాటాకు వచ్చింది. వాటాకు రావడమంటే ఎవరికీ అక్కర్లేక నా దగ్గర మిగలడమే. అందులో రెండు పట్టుచీరలు, ఒక వెంకటగిరి, మూడు మంగళగిరి, ఎనిమిది మామూలు నేతచీరలు, నాన్నగారి పొందూరు పంచెలు నాలుగు, ఉత్తరీయాలు, బందరు అద్దకం దుప్పట్లు మూడు, అక్క చిన్నప్పుడు పూలు కుట్టిన దిండుగలీబులు ఉన్నాయి. వాటిని నేను "భద్రంగా" ఉంచాను. అంటే పెట్టెకు తాళంవేసి, నాలుగు కలరా ఉండలు పడేసి, పందొమ్మిదేళ్ళు తెరవలేదు. 2022 వేసవిలో అటకకు సున్నం వేయించడం కోసం దించి తెరిస్తే ఏమి కనిపించిందో వివరంగా చెబుతాను. ఇటువంటి పెట్టె మీలో చాలామంది ఇళ్ళలో ఉందని నాకు తెలుసు.

పట్టుచీరలు పైకి చెక్కుచెదరలేదు. విప్పబోతే మడత పొడవునా చిట్లిపోయాయి, ఎండిన తాటాకు చిట్లినట్లు. పాత జరీ అంటే సన్నని వెండితీగెను సాగగొట్టి, దారంచుట్టూ చుట్టి, బంగారుపూత పూసినది. అది లోహం. ఏళ్ళ తరబడి ఒకేచోట మడిచి పైన బరువు పెడితే లోహమూ విరుగుతుంది, దాన్ని ఆనుకున్న పట్టూ విరుగుతుంది. మూడు నెలలకొకసారి మడత మార్చి ఉంటే విరిగేది కాదు. కలరా ఉండలు పురుగును ఆపుతాయేమో గాని మడతను ఆపవు. గాలిలోని గంధకానికి వెండి నల్లబడింది. గంజిపెట్టి ఉతికి దాచిన దుప్పట్లలో, గంజికోసం చేరే ఆ వెండిరంగు పురుగులు జల్లెడవంటి కన్నాలు చేశాయి. బందరు అద్దకం దుప్పటి మరీ విచిత్రం. ఎర్రరంగు పూలు అలాగే ఉన్నాయి, వాటిచుట్టూ ఉండవలసిన నల్లగీత మాత్రం లేదు, గీత ఉన్నచోట సన్నని చీలిక ఉంది. ఆ నలుపును తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కషాయంతో వేస్తారు. ఆ ఇనుమే కాలక్రమాన నూలును తినేస్తుంది. బొమ్మను బతికించిన గీతే బొమ్మను కత్తిరించింది.

ఇక చెక్కుచెదరనివి ఏవి? అమ్మ రోజూ కట్టి, వందలసార్లు రేవులో ఉతికించి, కొంగు చిరిగితే మాసిక వేసుకున్న మామూలు నేతచీరలు! గంజి పూర్తిగా పోయిన మెత్తని గుడ్డ. వాటిని పురుగు ముట్టలేదు. నాన్నగారి పొందూరు పంచెలూ అంతే. ఆ పత్తిని వాలుగచేప దవడతో దువ్వి, చేత్తో వడికి నేస్తారని మీకు తెలిసే ఉంటుంది. అంచుల దగ్గర రెండు చిరుగులు తప్ప వాటికేమీ కాలేదు.

మూడు రోజులపాటు ఆ పెట్టెముందు కూర్చుని నేను చేసిన పని ఏమీ లేదు. నాలుగోరోజు అక్కకు కబురు చేశాను. ఆమెకు అప్పటికి డెబ్బై ఒకటి. వచ్చి, చూసి, "ఒరేయ్, నీ దగ్గర పెట్టడం కంటే ఆనాడే చాకలికిచ్చినా ఎవరో ఒకరు కట్టుకునేవాళ్ళు గదరా" అంది. మర్నాడు కత్తెర పట్టుకుంది.

ఈ వార్త బంధువర్గంలో పాకిన వెంటనే నామీద ముప్పేటదాడి జరిగింది. ఆ మూడు పేటలకూ సమాధానం చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మొదటి పేట, ఒక పెద్దావిడది. "పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో వాడకూడదు నాయనా!" చిత్తం. ఆమె మెడలోని కాసులపేరు ఎవరిది? వాళ్ళ అత్తగారిది. అత్తగారు ఉన్నారా? లేరు. బంగారానికి అంటని మైల నూలుకు ఎట్లా అంటుతుందో ధర్మశాస్త్రంలో నాకెక్కడా కనబడలేదు. దీనిమీద ఇంతకంటే రాయను.

రెండవ పేట, ఒక బావమరిది వరసవాడిది. "కొనుక్కునే స్తోమత లేకనా, ఈ పాతగుడ్డల వ్యాపారం?" ఇతనికి ఒక మాట జ్ఞాపకం చేస్తాను. పొత్తిగుడ్డలు అన్నమాట విన్నాడా? "పొత్తిళ్ళలో పాప" అని మనం కవిత్వం రాసుకుంటాం గదా, ఆ పొత్తిగుడ్డలు ఏ అంగడిలో కొన్నవి? పుట్టిన బిడ్డ ఒంటికి తగిలే మొదటి వస్త్రం పాతదై ఉండాలని మన ఇళ్ళలో కలిగినవారూ లేనివారూ ఒకే ఆచారం పాటించారు. కొత్తగుడ్డలో గంజి ఉంటుంది, మొరటుదనం ఉంటుంది, పసిచర్మం ఒరుసుకుంటుంది. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీరముక్క అయితేనే బిడ్డకు హాయి. ఉయ్యాలకూ పాతచీరే. జమీందారు బిడ్డకైనా అంతే, పాలేరు బిడ్డకైనా అంతే. ఈ మహానుభావుడు కూడా భూమిమీద పడ్డనాడు పాతగుడ్డలోనే చుట్టబడ్డాడు. అప్పుడు స్తోమత ప్రశ్న ఎవరూ వేయలేదు.

మూడవ పేట మా తమ్ముడిది. దీనికే నేను తడబడ్డాను. విదేశంలో ఉంటాడు. రాత్రిపూట ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మ చీరలు ముక్కలు చేశారట గదా. నాకొక్క మాటైనా చెప్పకుండా, అమ్మని కత్తిరించడానికి చేతులెట్లా వచ్చాయి మీకు?" అన్నాడు. వాడి గొంతు వణికింది. కోపంలో ఉన్నవాడికి జవాబు చెప్పగలం. ఏడుస్తున్నవాడికి ఏం చెబుతాం? నేను ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. వాడు ఈ పుటలు చదువుతాడని నాకు తెలుసు.

తమ్ముడూ, చెప్పకుండా చేయడం తప్పే. ఆ తప్పు అక్కది కాదు, నాది. కాని కత్తిరించడం తప్పుకాదు. వాడకుండా ఉంచడమే గౌరవమని నువ్వనుకుంటున్నావు, నేనూ పందొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను. ఫలితం పెట్టెలో ఉంది, పట్టుచీరల పొడిని నా చేత్తో ఎత్తాను. ఆ పందొమ్మిదేళ్ళలో నువ్వుగాని నేనుగాని ఒక్కనాడు ఆ చీరలను ముట్టామా? మనం గౌరవించింది అమ్మ చీరలను కాదు, పెట్టె తాళాన్ని. అమ్మ ఎన్నడైనా పాత బట్టను ఊరకే దాచడం నువ్వు చూశావా? చీర కొంగు చిరిగితే మధ్యకు కోసి రెండు కొసలూ తిప్పి కలిపి కట్టింది. అదీ చిరిగితే అక్కకు పరికిణీ చేసింది. దాన్ని విప్పి దిండుగలీబు, గలీబును చింపి బొంతలో నడిమిపొర. పనికిరాని అంచుపేలికలు మసిగుడ్డలు, పొయ్యిమీది గిన్నె దింపే చేతిగుడ్డలు, కడాపటికి దీపపు వత్తులు. ఆమెకు కత్తెర అపచారం కాదు. ఆమె చీరలమీద కత్తెర అపచారమంటే, ఆమె జీవితమంతా అపచారం చేసిందనవలసి వస్తుంది.

ఈ క్రమం మా అమ్మ కనిపెట్టినదేమీ కాదు. పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక కథ ఉంది. ఉదయనుడు మనకు తెలిసినవాడే, భాసుడి నాటకంలోని వాసవదత్త భర్త, కౌశాంబి రాజు. ఆయన అంతఃపుర స్త్రీలు ఆనందుడి ఉపదేశం విని సంతోషించి అయిదువందల ఉత్తరీయాలు దానమిచ్చారు. రాజుకు చిర్రెత్తింది. ఇన్ని బట్టలు ఈ సన్న్యాసి ఏం చేసుకుంటాడు, బట్టల అంగడి పెడతాడా అని నేరుగా వెళ్ళి అడిగాడు. ఆనందుడు చెప్పాడు: చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతాం. మరి ఆ చినిగిన పాతవాటినేం చేస్తారు? పడకమీది పరుపుదుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లను? పరుపుల తొడుగులు. పాత తొడుగులను? నేలమీద పరిచే పట్టలు. వాటిని? కాళ్ళు తుడుచుకునే గుడ్డలు. వాటిని? దుమ్ము దులిపే గుడ్డలు. మరి ఆ దుమ్ముగుడ్డలను? ముక్కలుగా కొట్టి, మట్టిలో కలిపి పిసికి నేలకు మెత్తుతాం. రాజు ఈ సమాధానానికి సంతోషించి ఇంకొక అయిదువందల వస్త్రాలు ఇచ్చాడు. ఈ కథలో నాకు నచ్చేది రాజు మారడం కాదు, ఆయన అడిగిన తీరు. "మరి దాన్నేం చేస్తారు, మరి దాన్నేం చేస్తారు" అని మట్టి దాకా వదలకుండా అడిగాడు. మన పెట్టెలముందు నిలబడి మనల్ని అట్లా అడిగేవాడు లేడు. ఆ భిక్షువుల చీవరం కూడా ముక్కలు కలిపి కుట్టినదే. మగధలో గట్లుకట్టిన వరిచేలను చూపించి ఆ పోలికలో కుట్టమని బుద్ధుడు ఆనందుడికే చెప్పినట్లు మహావగ్గలో ఉంది. అతుకులు సిగ్గుపడవలసినవైతే వరిచేను పోలిక ఎందుకు?

ఇతర ప్రాంతాలవారికి ఈ సంగతి తెలుసు. బెంగాలు స్త్రీలు పాతచీరలూ ధోవతులూ పొరలుగా పేర్చి, పాతచీర అంచులనుంచి లాగిన రంగుదారాలతోనే వాటిమీద కథలు కుట్టారు. సంస్కృత శబ్దాన్నే నిలుపుకుని దానికి కాంథా అని పేరు పెట్టుకున్నారు. బీహారు సుజనీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉత్తర కన్నడ జిల్లా అడవులలో, ఏనాడో ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి అయిన సిద్దీ స్త్రీలు కవాండీ అనే బొంత కుడతారు. అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్నముక్కలు కుడతారు, వాటిని పువ్వులంటారు. పువ్వులు లేని కవాండీ వారి దృష్టిలో దిసమొలతో ఉన్నట్లే. ఇవన్నీ కళలు, ప్రదర్శనశాలల్లో గాజు వెనుక ఉన్నాయి. మన బొంత మాత్రం సంపాదకీయంలో తిట్టు.

మన బొంతలో కళ లేకనా? నాకు గుర్తున్నది రాస్తాను. నూర్పిళ్ళు అయిపోయి, చేతికి కొంచెం తీరిక దొరికే ఎండాకాలపు మధ్యాహ్నాలు. వసారాలో చాప పరచి, దానిమీద గట్టి పంచెను నాలుగుమూలలా లాగి, మూలల్లో సన్నికల్లు, రోకలి, ఇత్తడిచెంబు, మరొక చెంబు బరువుగా పెట్టేవారు. దానిమీద నడిమిపొరలు. అతిగా చిరిగినవి లోపలికి. చిరుగుమీద చిరుగు రాకుండా పేర్చడమే నేర్పు. పైన మంచిరంగు చీర. ముందు చుట్టూ కచ్చాకుట్టు. తరువాత నలుగురు ఆడవాళ్ళు నాలుగుపక్కలా కూర్చుని పెద్దసూదులతో టాకాలు నడిపేవారు. ప్రతివారి టాకా వేరు. మా మేనత్తది బియ్యపుగింజంత, అమ్మది గోధుమగింజంత. "ఈ పక్కన ఎవరు కుట్టారో చీకట్లో చెయ్యిపెట్టి చెబుతాను" అనేది అక్క. ఒక బొంత పూర్తికావడానికి పదిపన్నెండు మధ్యాహ్నాలు పట్టేది. ఉతకడానికి ఇద్దరు కావాలి, నీళ్ళలో తడిస్తే దున్నపోతు బరువు. పిండేటప్పుడు ఇద్దరూ చెరొక కొసా పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పేవారు. ఈ కుట్టు ఎవరూ బడిలో నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఛందస్సు నేర్చుకున్నానని గర్వపడిన నాకు, నా ఇంట్లో నలుగురు స్త్రీలు నాలుగుదిక్కులనుంచి మొదలుపెట్టి ఒకే యతిలో నడుమకు కలుసుకోవడం కనిపించలేదు.

ఎదుటిపక్షంలో న్యాయమున్నచోట ఒప్పుకోవాలి. అన్నిటినీ కత్తిరించమని నేననడం లేదు. ఈమధ్య ఒక ఇంట్లో నిక్షేపంలాంటి పాత గద్వాలచీరను నాలుగు సోఫాదిండ్ల తొడుగులుగా కోయించగా చూశాను. అది కత్తికోత. గద్వాలలో నూలు ఒంటిని, పట్టు అంచును వేరువేరు దారాలతో నేస్తూ ఒకదానిలో ఒకటి పెనవేస్తారు. ఆ కలయికే నేతగాడి ప్రతిభ. కట్టుకోవడానికి ఓపిక ఉన్న చీరను కట్టుకోవాలి. ఒళ్ళు చిరిగి అంచు బాగుంటే, మన అమ్మమ్మలు చేసినట్లు అంచు విప్పి కొత్తచీరకు వేసుకోవాలి. చేత్తో గీసిన కలంకారీ, ప్రకృతిరంగుల పాత అద్దకం, ఊరూ నేతా తెలిసిన అరుదైన బట్ట చిరిగినా కోయరాదు. గంజిలేకుండా ఉతికి, తెల్లని నూలుగుడ్డలో చుట్టి, వీలైతే మడవకుండా ఒక కర్రకు చుట్టి ఉంచాలి. ప్లాస్టిక్ సంచీలో పెట్టరాదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. బాగున్న చీరలను గుట్టలుగా కొని, ముక్కలుచేసి, "అమ్మమ్మ జ్ఞాపకం" అని ఎవరి అమ్మమ్మో తెలియని బొంతను వేలరూపాయలకు అమ్మేవారున్నారు. వారికీ మా అమ్మకూ సంబంధం లేదు. అమ్మ కత్తెర చిరుగు ఎక్కడికి పిలిస్తే అక్కడికే వెళ్ళేది.

పాతచీరలకు స్టీలుగిన్నెలిచ్చే మనిషిమీదా, మైకులో "పాత జరీచీరలు కొంటాం" అని తిరిగేవాళ్ళమీదా నాకు కోపం లేదు. వాళ్ళది పొట్టకూటి వ్యాపారం. జరీని కాల్చి వెండి తీస్తారు, తీస్తామని దాచకుండానే చెబుతారు. నా కోపం, ఆ చీర పుట్టుపూర్వోత్తరాలు ఒక్కసారైనా పిల్లలకు చెప్పకుండా, తూకానికి పడేసి లోపలికి వచ్చి "మన సంస్కృతి నశిస్తోంది" అని నిట్టూర్చేవారిమీద. అటువంటి నిట్టూర్పులు నేనే ఎన్నో రాశాను.

తొందర ఎందుకంటారా? ఈ తరం పెట్టెలే చివరివి. మన తల్లులు కట్టినది నూలు. మన ఇళ్ళలో ఆ తరువాత వచ్చినవి ఎక్కువభాగం పాలియెస్టరు, నైలాను. వాటితో బొంత కుట్టి చూడండి. పొరలు ఒకదానిమీదనుంచి ఒకటి జారతాయి, చెమట పీల్చవు, ఎన్ని ఉతుకులు ఉతికినా మెత్తబడవు. మట్టిలో కలపడానికి ఆనందుడివల్ల కూడా కాదు. నూలు పెట్టె ఉన్నవారూ, ఆ కుట్టు వచ్చినవారూ ఒకే కాలంలో బతికి ఉన్న రోజులు ఇక ఎన్నో లేవు. మా ఇంట్లో కుట్టు వచ్చినది అక్క ఒక్కతే. నలుగురు కూర్చునేచోట ఇప్పుడామె ఒక్కతే కూర్చుంటుంది. చూపు ఆనదు. సూదిలో దారం ఎక్కించే ఉద్యోగం నాది. ఉద్యోగవిరమణ తరువాత నాకు దొరికిన ఏకైక కొలువు. మొదట్లో ఒక వరుస నేనూ కుట్టబోయాను. "నీ టాకా బల్లి పాకినట్టుందిరా" అని విప్పేసింది. మూడోసారి ఉంచింది.

ఇప్పటికి పూర్తయినవి: ఒక పెద్దబొంత, చిన్నపిల్లల బొంతలు రెండు, అక్క పూలు కుట్టిన పాతగలీబుల్లో పురుగు తినని భాగాలతో చేసిన దిండుతొడుగులు నాలుగు, పొందూరు పంచె కొసలతో తుండుగుడ్డలు ఆరు. అద్దకం దుప్పటిలో నిలిచిన ఎర్రపూలను ఒక్కొక్కటిగా కోసి పెద్దబొంత నడుమ కుట్టింది. అంచుపేలికలు మసిగుడ్డలయ్యాయి. వాటిలో ఒకదానితో ఈ ఉదయమే కాఫీగిన్నె దించాను. పట్టుచీరల్లో మిగిలిన గుప్పెడు జరీని ఏం చేయాలో తోచక కవరులో పెట్టాను.

తమ్ముడూ, ఒక్కటి మిగిలింది. అమ్మ నీలం నేతచీర, నా బొంతలో పోయినదాని జోడు. ఇంకా కోయలేదు. నీ కూతురికి పురుడు మాఘంలో అంటున్నారు గదా. పొత్తిగుడ్డలుగా చింపి పంపమంటావా, బొంతలో పైపొరగా వేయమంటావా, లేక మడతమార్చి పెట్టెలోనే ఉంచమంటావా? నువ్వు ఏది చెబితే అది చేస్తానంటోంది అక్క. కత్తెర నా బల్లసొరుగులో ఉంది.

చదువరులకు ఒక విన్నపం. బొంతకుట్టును మా కృష్ణా డెల్టా పల్లెల్లో టాకా అనే అంటాం. మీ వైపు ఏమంటారు? సీమలో, తెలంగాణలో, ఉత్తరాంధ్రలో పొరలు పేర్చే పద్ధతికీ, మూలలు మడిచే పద్ధతికీ వేరే మాటలుంటే మీ ఇంటి పెద్దవాళ్ళను అడిగి దయచేసి రాయండి. నిఘంటువుల్లో నాకు దొరకలేదు.